బొమ్మ సైన్యము, బొమ్మ యాయుధములు



రచ్చబండమీద చదరంగమో పులిజూదమో యొకసారియైన నాడనివారు మన పల్లెలలో నరుదు. చదరంగమను మాట చతురంగమను సంస్కృత పదమునుండి వచ్చినది. ఏనుగులు, గుఱ్ఱములు, రథములు, కాలిబంట్లు అను నాలుగు అంగములు గల సేనయే చతురంగము. 7వ శతాబ్దమున బాణభట్టు రచించిన హర్షచరితమున నీ యాట ప్రస్తావన కలదు. 12వ శతాబ్దమున బశ్చిమ చాళుక్యరాజైన సోమేశ్వరుడు తన మానసోల్లాసమున దీనిని వర్ణించెను. కావున యుద్ధమును బల్లమీదికి దెచ్చి, రక్తపుబొట్టు చిందకుండ నాడి చూచుట మనకు గ్రొత్త విద్య కాదు.

అయితే చదరంగపు బంటునకు గాళ్లు లేవు, చేతులు లేవు, ముఖము లేదు. గుఱ్ఱమునకు దల మాత్రమే యున్నది. ఆటకు అంతయే చాలును. నేడు నేను జెప్పబోవునది, ఆ బంటునకు మరల గాళ్లును జేతులును గల్పించి, చేతిలో గత్తినో యీటెనో పెట్టి, బల్లమీద నిలువబెట్టు పనిని గూర్చి. చూచువారికి ఇది పిల్లలయాటగా దోచును. చేయబూనినవానికి మాత్రము, రెండంగుళముల మనిషిని జేయుట కంటె రెండు గజముల ద్వారబంధము జేయుట సులభమని మొదటి వారముననే తెలియును.

ముందుగా నీ యాట లోకమున నెట్లు వ్యాపించినదో రెండు మాటలలో జెప్పెదను. జర్మను దేశములలో నొకటియైన ప్రష్యా రాజ్యమున రైస్విట్జ్ అను నుద్యోగి 1812వ సంవత్సరమున దన రాజునకు బల్లమీద నాడు యుద్ధక్రీడ నొకదానిని సమర్పించెను. ఆయన కుమారుడు 1824లో దానిని సంస్కరింపగా, ప్రష్యా సైన్యము దానిని తన యధికారుల శిక్షణకు స్వీకరించెను. న్యూరెంబర్గు పట్టణమున హైన్రిక్సెన్ వంశమువారు 1839 మొదలుకొని రేకువలె బలుచనైన తగరపు సైనికులను బోతపోసిరి. 1893లో విలియం బ్రిటన్ పేరిటి యాంగ్ల సంస్థ లోపల బోలుగా నుండు సీసపు సైనికులను జేయసాగెను. దానితో ధర తగ్గి, బొమ్మ సిపాయి సామాన్యుల యిండ్లకును జేరెను. 1913లో హెచ్.జి. వెల్సు అను రచయిత ఈ బొమ్మలతో నాడవలసిన నియమములను బుస్తకముగా వ్రాసి, ఈ చిన్న యుద్ధము నాడి చూచినవానికి బెద్ద యుద్ధ మెంత తెలివిమాలిన పనియో బోధపడునని చెప్పెను. మఱుసటి సంవత్సరమే యూరపున మహాయుద్ధము మొదలైనది. ఆయన మాట నెవరును వినలేదు గాని, ఆయన యాట మాత్రము నిలిచినది. నేటికిని బెక్కు దేశములలో నీ బొమ్మలను జెక్కువారును, రంగులు వేయువారును, ఆడువారును గలరు.

ఇక మన ప్రాంతము మాట. 2016లో నిజామాబాదు జిల్లానుండి వేఱుపడి యేర్పడిన కామారెడ్డి జిల్లాలో గామారెడ్డి, ఎల్లారెడ్డి పట్టణములు రెండును గలవు. నేను కామారెడ్డివాడను. ఈ పనిలో నాకు దోడైన పెద్ద వడ్రంగి యెల్లారెడ్డివాడు. ఎడ్లబండ్లు, నాగళ్లు, దర్వాజాలు చేసి చేసి పండిన చేయి యతనిది. ట్రాక్టరు వచ్చిన తరువాత బండిచక్రముతో బని లేకపోయెను. ఇనుప చట్రములు వచ్చిన తరువాత దర్వాజాతోను బని తగ్గెను. అతని యుళ్లు పెట్టెలో బడి యుండగా, వానికి బని కల్పింపవలెనన్న తలంపుతోనే నేనీ ప్రయత్నమునకు బూనితిని.

విదేశపు సిపాయిని జేయుటకు మాకు మనసు రాలేదు. డోమకొండ, కౌలాసు కోటలు మా జిల్లాలోనే యున్నవి. కావున దక్కను దేశపు కాలిబంటును, రౌతును, తుపాకివానిని, ఫిరంగిని జేయదలచితిమి. ఏ యాయుధ మెట్లుండునో తెలిసికొనుటకు మన పల్లెల వీరగల్లులే మొదటి పాఠ్యపుస్తకములు. ఊరి పొలిమేరలో, గుడి ప్రక్కను నిలిచియున్న ఆ రాళ్లపై వీరుడు కత్తి యెత్తి, డాలు పట్టి నిలిచి యుండును. శిల్పి యొక్క జానెడు స్థలములోనే పోరును, మరణమును, స్వర్గమును గూడ జూపించును. చిన్నచోట బెద్ద విషయమును జెప్పుట యెట్లో ఆ రాళ్లవద్ద నేర్చుకొనవచ్చును.

ఇప్పుడు కొలత సంగతి. ఈ పనిలోని కష్టమంతయు గొలతలోనే యున్నది. మనిషి యెత్తు 5 అడుగుల 6 అంగుళము లనుకొందము. అది సుమారు 168 సెంటీమీటరులు. బొమ్మ సిపాయికి బహుకాలముగా వాడుకలో నున్న కొలత 54 మిల్లీమీటరులు. అనగా మనిషిని 31వ వంతునకు దించవలెను. మూడు సెంటీమీటరుల వెడల్పుగల కత్తియలుగు ఒక మిల్లీమీటరగును. నాలుగు మిల్లీమీటరుల దళసరి గల కత్తివెన్ను మిల్లీమీటరులో నెనిమిదవ వంతగును. ఈటె కఱ్ఱ యొక మిల్లీమీటరు. పెద్ద సైన్యములతో నాడువారు 28 మిల్లీమీటరుల బొమ్మలను వాడుదురు. అప్పుడు వీనిలో నించుమించు సగమే. దేహము చిన్నదైనను జేతికి దొరకును గాని, ఆయుధము చేతికిని గంటికిని గూడ జిక్కదు. బొమ్మలు చేయువారు విసిగి పని మానుట సామాన్యముగా నిచ్చటనే.

మేము మొదట జేపట్టినది చెఱువు మట్టి. మట్టి చవుక, మెత్తన, చెప్పినట్లు వినును. కాని యారునప్పుడు సంకోచించును. బొమ్మ మొండెము లావుగా నుండును, చేయి సన్నముగా నుండును. సన్ననిది ముందుగా నారి బిగియును, లావైనది తరువాత నారును. ఈ రెండిటి నడుమ భుజమువద్ద నెఱ్ఱె పడును. చేతికి బలము కలుగుటకై లోపల దీగె పెట్టినచో మఱింత చిక్కు: మట్టి ముడుచుకొనును, తీగె ముడుచుకొనదు, కావున మట్టి తీగెమీద బగులును. వినాయకుని విగ్రహమునకు లోపల గడ్డి పెట్టువారు ఈ రహస్య మెఱిగినవారే. గడ్డి నొక్కుకొని మట్టికి దారి యిచ్చును. రెండంగుళముల బొమ్మలో గడ్డికి జోటు లేదు. కావున మట్టిని గోటగోడలకును, బురుజులకును మాత్రమే యుంచుకొని, దేహములకు గఱ్ఱను జేపట్టితిమి.

కఱ్ఱ యన్నప్పుడు నిర్మల జ్ఞాపకము వచ్చుట సహజము. కామారెడ్డి మీదుగా బోవు 44వ సంఖ్య జాతీయ రహదారియే యుత్తరముగా సాగి నిర్మలను జేరును. నిర్మల బొమ్మలకు వాడునది పొణికి కఱ్ఱ. కొండపల్లి బొమ్మలకును అదియే. పొణికి యెంత తేలికయనగా, ఎండిన దుంగను బిల్లవాడు సైత మెత్తగలడు. అది మెత్తనిది, ఉలికి బీచులేవక తెగును. అక్కడి నకాశీ పనివారు బొమ్మ నంతటిని ఒకే ముక్కలో జెక్కరు. తల, మొండెము, చేతులు వేఱువేఱుగా జెక్కి, చింతగింజల జిగురుతో రంపపుపొట్టు కలిపిన మక్కుతో నదుకుదురు. అదుకులు పూడ్చి, ఆకురాతితో నునుపుజేసి, సుద్దపూత వేసి, దానిపై రంగులు దిద్దుదురు.

విడివిడిగా జెక్కుట తొందరకొఱకో సులువుకొఱకో యని తోచును. దానికి దృఢమైన కారణ మున్నది. ఎల్లారెడ్డి వడ్రంగి నా కది యొక్క మాటలో జెప్పెను: “సారూ, కట్టె నార ఎటు పోతే కాలు అటే పోవాలె.” కఱ్ఱలోని నార కాలి పొడవున సాగినప్పుడే కాలు నిలుచును. అడ్డముగా వచ్చిన నార, అగ్గిపుల్ల లావు కాలిలో నొక్క తాకుడునకు విఱుగును. నిలుచున్న మనిషికి నార నిలువుగా నుండవలెను. చాచిన చేతికి నార అడ్డముగా నుండవలెను. ఒకే దుంగలో నీ రెండును గుదురవు. గుఱ్ఱమునకు నీ చిక్కు మఱింత యెక్కువ. దాని మొండెము అడ్డము, కాళ్లు నాలుగును నిలువు, మెడ యేటవాలు. కావున విడిగా జెక్కి, ఒక్కొక్క యవయవమునకు దగిన నారను జూచి యదుకుటయే మార్గము. బండిచక్రమున నాకులను, పూటీలను వేఱువేఱుగా జేసి కూర్చు వడ్రంగికి ఈ సూత్రము చిన్ననాటినుండి తెలిసినదే. పెద్ద చక్రమున నేర్చిన నీతి చిన్న గుఱ్ఱమున బనికివచ్చినది.

దేహము కుదిరిన తరువాత నాయుధముల వంతు. పొణికితోనే కత్తి చెక్కుట వలన లాభము లేదు. మిల్లీమీటరు వెడల్పున నది యూపిరి తగిలినను రాలును. కావున నాయుధమున కాయుధమునకు వేఱు పదార్థమును వెదకవలెను. ఈటె తొలుత గుదిరెను. వెదురును నిలువుగా జీల్చినచో నెంత సన్నముగనైనను జీలును, సన్నగిలినను గట్టిదనమును గోల్పోదు. అంతకంటె మేలైనది మా పొలముల గట్లమీదనే యున్నది. ఈతమట్ట మొదటనుండు ముల్లు పొడవైనది, బిరుసైనది, మొనదేలినది. ప్రకృతియే చేసియిచ్చిన యీటె యది. ఎండిన ముల్లును మొదలు కోసి, బిగించిన పిడికిలిలో సూదితో దొలిచిన రంధ్రమున దూర్చిన జాలును.

డాలు విషయమున మఱియొక సౌకర్యము కలిగెను. దక్కను డాలు గుండ్రనిది, కొంచెము ఉబ్బెత్తుగా నుండును, నడుమ సాధారణముగా నాలుగు పొక్కులు గలది. అరగజమునకు గొంచెము మించిన అడ్డుకొలత గల డాలు, మా కొలతలో బదునాఱు మిల్లీమీటరు లైనచో ముచ్చటగా నుండును. అది సరిగా గోటుగుండీ కొలత. గుండీకి నాలుగు రంధ్రము లుండును. ఆ రంధ్రములను ముద్దతో నింపి పొక్కులుగా దిద్దినచో డాలు సిద్ధము. దర్జీ యంగడిలో నొక్క సైన్యమునకు సరిపడు డాళ్లు దొరకును.

కత్తి మాత్రము చాలదినములు మమ్ము విసిగించెను. చల్లని పానీయముల యల్యూమినియము డబ్బా రేకు మిల్లీమీటరులో సుమారు పదవ వంతు మందము గలది. లెక్క ప్రకార మది కత్తికి సరియైన మందమే. కత్తెరతో గోసి పిడికి దగిలించిన తరువాత గత్తి ప్రక్కనుండి చూడ గత్తివలెనే యున్నది. ఎదుటనుండి చూడగా లేనేలేదు! అంచు కంటికానదు. చేతితో బట్టిన వంగును, వ్రేలికి దగిలిన గోయును. ఇట్లు కొలతకు సత్యమైనది కంటికి సత్యము గాకపోయెను.

ఈ పని యంతటికిని మూలసూత్ర మిదియే యని నా యభిప్రాయము. పెద్దదానిని గుదించినంతమాత్రమున జిన్నది కాదు. కన్ను కుదియదు గదా! చూచువాని కన్ను మూరెడు దూరమునుండి చూచును. ఆ దూరమునకు గత్తి కత్తిగా, వ్రేళ్లు వ్రేళ్లుగా దెలియవలెనన్న, సన్నని వానిని గొంత లావుచేయవలెను, అనావశ్యకమైన వానిని విడువవలెను. వీరగల్లు చెక్కిన శిల్పియు వీరుని కత్తిని వీరుని తొడ యంత లావుగా జెక్కెను. చేర్యాల నకాశీ చిత్రకారుడు ముఖమునకు మించిన కన్నులను వ్రాయును. వారికి గొలత తెలియక కాదు. దూరమునుండి చూచువాని కన్ను తెలిసి.

ఈ సూత్రము దెలిసిన తరువాత గత్తికి ఇత్తడి తీగను దీసికొంటిమి. మిల్లీమీటరు లావు తీగను దాకలిమీద నుంచి చిన్న సుత్తితో సాగగొట్టవలెను. నాలుగు దెబ్బలకు ఇత్తడి బిరుసెక్కును. ఇంకను గొట్టిన నంచులు చిట్లును. అప్పుడు దానిని దీపపు సెగలో మందముగా నెఱ్ఱబాఱువఱకు గాల్చి చల్లార్చవలెను. మరల మెత్తనై దెబ్బకు లొంగును. కొట్టుట, కాల్చుట, కొట్టుట. మూడు నాలుగు మారులలో నర మిల్లీమీటరు మందముగల యలుగు సిద్ధమగును. లెక్కకు నాలుగింత లెక్కువ మందము. కంటికి సరిగా గత్తి. కంసాలి పనివారి కీ పని నీళ్లప్రాయము. పట్టణపు కంసాలి యొకరు తన దాకలిమీద జూపిన యరగంట పాఠము మాకు నెలలు మిగిల్చినది.

తుపాకికి బోలు గొట్టము కావలెను. వైద్యుని సూదియే దానికి దగినది. 21వ సంఖ్య సూది వెలుపలి మందము 0.8 మిల్లీమీటరు. నిజమైన తుపాకిగొట్టమును 31వ వంతునకు దించిన దాదాపు అంతయే. కాని కన్ను సూత్రము ననుసరించి మేము 18వ సంఖ్య సూదిని దీసికొంటిమి. అది సుమారు 1.2 మిల్లీమీటరు. మూతివద్ద నిజమైన రంధ్రము గనిపించుట దీని ప్రత్యేకత. ఒక్క హెచ్చరిక: వాడి పాఱవేసిన సూదులను ముట్టరాదు, అంగడిలో గ్రొత్తవి కొని, మొన విఱిచి వాడవలెను. ఫిరంగి గొట్టమును వడ్రంగి తరిమెన పట్టి యిచ్చెను. నిర్మల యొకప్పుడు నిజాము సైన్యమునకు ఫిరంగులను బోతపోసిన స్థలము. ఆ పేరును దలచుకొని మా యంగుళమున్నర ఫిరంగికి ఇత్తడిరంగు వేసితిమి.

తలపాగ మడతలు, నడికట్టు, మీసము, చేతివ్రేళ్లు, ఇవి కఱ్ఱలో గుదురవు. వీనికి రెండు ముద్దలను సరిపాళ్లలో గలిపి పిసుకు పదార్థము కావలెను. విదేశపు శిల్పులు గ్రీన్ స్టఫ్ అను పచ్చని ముద్దను వాడుదురు. మన యూళ్లలో గొళాయి గొట్టముల పగుళ్లకు బెట్టు ఎం-సీల్ ఆ జాతిదే. కలిపిన తరువాత గొంతసేపు మైనమువలె నుండి, పిమ్మట రాతివలె బిగియును. వ్రేలికి నీటితడి చేసికొన్న నంటుకొనదు. దీనితో వచ్చు చిక్కు పదార్థములో లేదు, మన తొందరలో నున్నది. మీసము దిద్దుచుండగా బొటనవ్రేలు తలపాగను నలిపివేయును. తలపాగ సవరించుచుండగా మీసము పోవును. దీనికి మందు సహన మొక్కటే. మొదటి దినమున నడికట్టు, రెండవ దినమున దలపాగ, మూడవ దినమున ముఖము. ముందుదినపు పని రాయియైన తరువాతనే మఱునాటి పనికి జేయి పెట్టవలెను. గోడకట్టు తాపీపనివాడు వరుస యాఱక పై వరుస పెట్టడు గదా!

ఒక్క బంటును జేయుట యొక యెత్తు. ఇరువది మంది బంట్లను జేయుట యొక యెత్తు. కావున నచ్చు తీసి పోతపోయుట తరువాతి మెట్టు. మన యాదిలాబాదు ప్రాంతమున ఉషేగాఁవ్ ఓజా పనివారు మైనపు తీగలతో బొమ్మను జుట్టి, మట్టి పూసి, కాల్చి, మైనము కరగిపోయిన చోట నిత్తడిని బోయుదురు. ఆ పద్ధతిలో బొమ్మ బొమ్మకు నచ్చును బగులగొట్టవలెను. అందుచేత నే రెండు బొమ్మలును ఒక్కతీరుగ నుండవు. అది యా కళ యందము. సైన్యమునకు మాత్రము మరల మరల వాడదగిన రెండు చెక్కల యచ్చు కావలెను. సెగకు దాళు రబ్బరుతో నట్టి యచ్చులను జేయుదురు. దానిలో నొక నియమ మున్నది: చేయి దేహమునకు దూరముగా ముందునకు వంకరపోయినచో బొమ్మ యచ్చునకు గొక్కెమువలె దగులుకొని వెలికి రాదు. కావున బోతబొమ్మ కాళ్లుచేతులు గోడమీది నీడవలె నొకే తలమున బఱచుకొని యుండవలెను. ఆయుధమును విడిగా బోసి తరువాత దగిలింపవలెను.

లోహమును గూర్చి చెప్పవలసినది మఱచిపోరాదు. పాత బొమ్మసిపాయిలు సీసముతో జేయబడినవి. సీసము 327 డిగ్రీలవద్ద గరగును, సులభముగా బోయవచ్చును. కాని యది విషము. దాని ధూళి, పొగ పిల్లల మెదడును జెఱచును. తగరము 232 డిగ్రీలకే కరగును, ధర యెక్కువ. అయినను నింట బిల్లలున్నవా రెవ్వరును సీసమును గరగింపరాదు. మేము తగరమునే వాడుచున్నాము.

రంగు వేయునప్పుడు గన్నులదే కష్టము. తెల్లచుక్క పెట్టి దానిలో నల్లచుక్క పెట్టినచో, బంటు దయ్యమును జూచినవానివలె గ్రుడ్లు మిటకరించును. మొదట గనుగుంట నంతయు నల్లగా జేసి, దానిలో గోరంత తెలుపు రెండు ప్రక్కల దాకించినచో జూపు కుదురును. ఇక బొమ్మ తల బరువై ముందుకు వ్రాలకుండుటకు బాదముల క్రింద నినుప వాషరు నొక దానిని అతికించిన జాలును.

ఇన్ని మెట్లెక్కి, నేడు మా యొద్ద రెండు చిన్న పటాలములు నిలిచి యున్నవి. సెలవుదినములలో బిల్లలు వచ్చి, మట్టికోటను నడుమ బెట్టి, కొలకఱ్ఱతో నడక గొలిచి, పాచికలతో దెబ్బ తేల్చుకొని యాడుదురు. ఆటలో బడిన బంట్లను ప్రక్కన వరుసగా బేర్తురు. ఆట ముగియునప్పటికి గెలిచినవాని వరుసయు దక్కువ కాదు. అది చూచిన బాలునకు యుద్ధమనగా నేమియో ప్రత్యేకముగా బోధింప నక్కఱలేదు.

మీరు నన్నడుగవచ్చును: ఇంత శ్రమ దేనికి? నా సమాధానము కోనసముద్రములో నున్నది. మాకు సమీపమున నిజామాబాదు జిల్లాలోని యీ గ్రామమున నొకప్పుడు మూసలలో నుక్కును గరగించెడివారు. 1824లో మరణించిన హెన్రీ వాయిసీ యను శాస్త్రజ్ఞు డక్కడికి బోయి చూచి వ్రాసిన వివరము 1832లో గలకత్తా పత్రిక యందు బ్రకటింపబడెను. రెండు చోట్లనుండి తెచ్చిన యినుమును మూసలో మూసి, ఒక దినము పొడవున గాల్చి, మెల్లగా జల్లార్చెడివారు. ఆ యుక్కును గొనుటకు బారసీక దేశమునుండి వర్తకులు స్వయముగా వచ్చెడివారు. నీటియలలవంటి రేఖలు గల కత్తులు ఆ జాతి యుక్కుతోనే సిద్ధమైనవి. కాలక్రమమున గొలుములు చల్లారినవి, చేతులు మఱచిపోయినవి. నేడు శాస్త్రజ్ఞులు మూసల పెంకులను, చిట్టెపు గడ్డలను ఏరి, సూక్ష్మదర్శినుల క్రింద బెట్టి, ఆ పని యెట్లు జరిగెనో యూహించుచున్నారు. తాతనుండి తండ్రికి, తండ్రినుండి కొడుకునకు జేతిలో జేయి పెట్టి నేర్పిన విద్య యొక్క తరము తెగినచో, దానిని దిరిగి కూర్చుటకు శతాబ్దము చాలదు.

ఎల్లారెడ్డి వడ్రంగి చేతి విద్యకును అదే గతి పట్టవచ్చును. అతని యింట నుళ్లు పట్టువారు లేరు. కాని బొమ్మ చూడవచ్చిన పిల్లలలో నిద్దఱు ముగ్గు రిప్పుడు కట్టె నారను గుర్తుపట్టగలుగుచున్నారు. ఏ ముక్క కాలికి, ఏ ముక్క చేతికి పనికివచ్చునో యడుగకయే యేరుచున్నారు. మా పనిలో నభివృద్ధి యేమని యెవరైన నడిగిన, నేను బటాలములను జూపను. ఆ పిల్లలను జూపుదును. పొణికిచెట్టును గూడ మఱవరాదు. అది రాతిగుట్టలలో నెమ్మదిగా బెరుగునది. విత్తు పెంకు మిక్కిలి గట్టిదగుటచే మొలక కష్టము. కొట్టుటయే కాని నాటుట లేకున్నచో, బొమ్మకు గఱ్ఱయు నుండదు.

కడపట మీతో నొక్క మనవి. మీలో బెక్కురి యిండ్ల నటుకులమీద, దసరానాడు బూజచేయు పెట్టెలలో, పాతకత్తియో, బల్లెపుమొనయో, బాకుపిడియో యుండవచ్చును. తుప్పుపట్టినదని పాతసామానులవానికి దూకమున కిచ్చివేయకుడు. దాని పొడవు, వెడల్పు, పిడి యాకారము కాగితముమీద గీసి యుంచుడు. ఎవరిదో, ఎచ్చటనుండి వచ్చినదో, మీ పెద్దలు చెప్పిన మాట దాని ప్రక్కనే వ్రాయుడు. మా వంటివారికి రెండంగుళముల బంటు చేతిలో నిజమైన యాయుధము పెట్టుటకు ఆ కాగిత మొక్కటి చాలును. అట్లే మీ యూరిలో నింకను ఉలి పట్టగల పెద్దవడ్రంగి యున్నచో, ఈ వేసవిలో నిద్దఱు పిల్లలను అతనియొద్ద గూర్చుండబెట్టుడు. బొమ్మయే చేయనిండు, చేయి మాత్రము నేర్చుకొనును.

సెలవు.